110 వోల్టుల బ్యాటరీ చార్జర్‌లో అలారం వోల్టేజీలు ఎలా పెట్టాలి

గుంటూరు చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో, కొండపల్లి, ఆటోనగర్ వైపు ఫ్యాక్టరీల్లో 11 కేవీ బ్రేకర్ ఉన్నచోట చాలావరకు పక్కనే ఒక డీసీ చార్జర్, దానికో బ్యాటరీ బ్యాంకు ఉంటాయి. ఫాల్ట్ వచ్చిన క్షణాన బ్రేకర్‌ని తెరిచేది ఈ డీసీయే. దీనికి కాపలాగా ఉండాల్సిన అలారం మాత్రం కమిషనింగ్ రోజున, అంటే చార్జర్‌ని మొదటిసారి నడిపిన నాడు, ఎవరో పెట్టిన అంకె మీదే ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. నేను తలుపు తీసి చూసిన చార్జర్లలో చాలావాటికి లో వోల్టేజీ అలారం 99 దగ్గరో 100 దగ్గరో ఉంది. 55 సెల్స్ బ్యాంకుకు 99 అంటే సెల్‌కి 1.8 వోల్టులు, అంటే బ్యాటరీ దాదాపు ఖాళీ. ఆ గంట మోగితే ఎంత, మోగకపోతే ఎంత!

లో వోల్టేజీ అలారం చెప్పాల్సింది ‘బ్యాటరీ అయిపోయింది’ అని కాదు. ‘చార్జర్ ఇవ్వడం మానేసింది, లోడ్ బ్యాటరీ మీద పడింది’ అని. ఈ తేడా పట్టుకుంటే మిగతా లెక్కలన్నీ వాటంతటవే కుదురుకుంటాయి. కరెంటు పోతే చెప్పడానికి మెయిన్స్ ఫెయిల్ అలారం ఎలాగూ ఉంది కదా అంటారు. కరెంటు ఉండగానే చార్జర్ కార్డు పోవచ్చు, అవుట్‌పుట్ ఫ్యూజు కొట్టేయొచ్చు, లోడ్ పెరిగి చార్జర్ కరెంట్ లిమిట్‌లోకి వెళ్ళిపోవచ్చు. అప్పుడు మెయిన్స్ లైటు నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం లోపల కరిగిపోతుంటుంది. లో వోల్టేజీ అలారం అసలు పని అక్కడ.

ఉదాహరణకి 55 సెల్స్, 200 ఆంపియర్ అవర్ సీల్డ్ బ్యాటరీ, ఫ్లోట్ కమ్ బూస్ట్ చార్జర్ తీసుకుంటున్నాను. ఫ్లోట్ అంటే నిండిన బ్యాటరీని అలాగే నిండుగా ఉంచే రోజువారీ వోల్టేజీ, బూస్ట్ అంటే త్వరగా నింపడానికి ఇచ్చే ఎక్కువ వోల్టేజీ. మీ దగ్గర వేరే రకం ఉంటే సెల్‌కి ఎంత అన్న లెక్క పట్టుకుని మీ సెల్స్ సంఖ్యతో గుణించుకోండి.

మొదటి పని: సెల్స్ లెక్కపెట్టండి

డ్రాయింగు చూసి కాదు, వేలు పెట్టి లెక్కపెట్టండి. చెడిపోయిన సెల్‌ని జంపర్ వేసి పక్కన పెట్టిన బ్యాంకులు బోలెడు, ఆ సంగతి డ్రాయింగుకి తెలియదు. సీల్డ్ బ్యాటరీ 2 వోల్టుల సెల్స్‌గా ఉందా, 6 లేదా 12 వోల్టుల బ్లాకులుగా ఉందా చూసుకోండి. 12 వోల్టుల బ్లాకు అంటే లోపల ఆరు సెల్స్.

తర్వాత రకం. సీల్డా, నీళ్ళు పోసే ట్యూబ్యులరా, ప్లాంటేనా (ఇదీ నీళ్ళు పోసేదే, ప్లేట్లు శుద్ధ సీసంవి), నికెల్ కాడ్మియమా? ఇది తెలియకుండా ఒక్క అంకె కూడా పెట్టకూడదు. లెడ్ యాసిడ్ సెల్ మీద లోడ్, చార్జర్ రెండూ లేనప్పుడు ఎంత వోల్టేజీ ఉంటుందో కట్టే సులువైన లెక్క ఒకటుంది: యాసిడ్ స్పెసిఫిక్ గ్రావిటీకి 0.84 కలపాలి. సీల్డ్ బ్యాటరీలో యాసిడ్ చిక్కగా, 1.300 దగ్గర ఉంటుంది కాబట్టి సెల్‌కి 2.14, బ్యాంకుకి 117.7 వోల్టులు. 1.240 ఉన్న ట్యూబ్యులర్‌కి 2.08, అంటే 114.4. 1.200 ఉన్న ప్లాంటేకి 2.04, అంటే 112.2. మూడూ 110 వోల్టుల బ్యాంకులే, కానీ నిండుగా ఉండి ఊరికే కూర్చున్నప్పటి వోల్టేజీలో ఐదున్నర వోల్టుల తేడా. ఒక సైట్ సెట్టింగు కాగితం మరో సైట్‌కి జెరాక్స్ తీసి ఇవ్వకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఫ్లోట్ వోల్టేజీ బ్యాటరీ కంపెనీ ఇచ్చిన కాగితంలో ఉంటుంది. సీల్డ్‌కి 27 డిగ్రీల దగ్గర సాధారణంగా సెల్‌కి 2.25, బ్యాంకుకి 123.75 వోల్టులు. నీళ్ళు పోసేవాటికి కాస్త తక్కువ, 2.15 నుంచి 2.2 ప్రాంతంలో. మీ కాగితంలో వేరే అంకె ఉంటే ఆ అంకెదే మాట, నాది కాదు.

రెండో పని: లోడ్ ఎంత తట్టుకుంటుందో చూడండి

బ్రేకర్ ప్రమాణాల ప్రకారం డీసీ ట్రిప్ కాయిల్ (బ్రేకర్‌ని తెరిచేది) రేటెడ్ వోల్టేజీలో 70 నుంచి 110 శాతం దాకా పనిచేయాలి, క్లోజింగ్ కాయిల్ (బ్రేకర్‌ని మూసేది) 85 నుంచి 110 శాతం దాకా. 110 వోల్టుల మీద లెక్కేస్తే ట్రిప్‌కి 77 నుంచి 121, క్లోజింగ్‌కి 93.5 నుంచి 121.

పై హద్దు 121, మన ఫ్లోటేమో 123.75. రోజూ జరుగుతున్న సంగతే ఇది. అందుకే చాలా చార్జర్లలో లోడ్ వైపు డ్రాపర్ డయోడ్ల గొలుసు ఉంటుంది. ఒక్కో డయోడ్ దగ్గర 0.7 నుంచి 0.8 వోల్టు తగ్గుతుంది. మెయిన్స్ పోయి బ్యాటరీ వోల్టేజీ దిగగానే ఒక కాంటాక్టర్ ఆ డయోడ్లను పక్కకి తప్పించి బ్యాటరీని నేరుగా లోడ్‌కి కలుపుతుంది.

మనకి దీంతో పనేమిటంటే, అలారం కార్డు వోల్టేజీని బ్యాటరీ వైపు చూస్తోందా, డయోడ్లు దాటాక లోడ్ వైపు చూస్తోందా అన్నది తేల్చుకోవాలి. సెన్సింగ్ తీగలు పట్టుకుని ఎక్కడికి పోతున్నాయో చూడండి. బ్యాటరీ వైపు అయితే ఈ వ్యాసంలోని అంకెలు వర్తిస్తాయి. లోడ్ వైపు అయితే డయోడ్ల దగ్గర తగ్గినంతా తీసేసి లెక్కేసుకోవాలి. రెండు వైపులా వేర్వేరు అలారాలు పెట్టే వీలుంటే లోడ్ వైపు కూడా ఒకటి పెట్టండి. డయోడ్లను తప్పించే కాంటాక్టర్ ఇరుక్కుపోతే బ్యాటరీ బాగానే ఉంటుంది, లోడే ఆకలితో ఉంటుంది. దాన్ని పట్టేది ఆ ఒక్క అలారమే.

మూడో పని: ఎండని లెక్కలోకి తీసుకోండి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రేకుల కప్పు కింద, కిటికీ లేని బ్యాటరీ గదిలో ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. సీల్డ్ బ్యాటరీకి వేడి పెరిగే కొద్దీ ఫ్లోట్ తగ్గించాలి, లేకపోతే చార్జింగ్ కరెంటు పెరిగి, దాంతో వేడి ఇంకా పెరిగి, చివరికి సెల్స్ ఉబ్బిపోతాయి. చార్జర్‌లో టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉంటే డిగ్రీకి, సెల్‌కి 3 మిల్లీవోల్టుల చొప్పున అదే తగ్గిస్తుంది.

లెక్క చూద్దాం. మే నెలలో బ్యాటరీ 45 డిగ్రీలకి చేరిందనుకోండి. 27 మీద 18 డిగ్రీలు ఎక్కువ. 18 ఇంటూ 3 మిల్లీవోల్టులు ఇంటూ 55 సెల్స్, 2.97 వోల్టులు. ఫ్లోట్ 123.75 నుంచి 120.8కి దిగుతుంది. జనవరి తెల్లవారుజామున 17 డిగ్రీలుంటే 1.65 పెరిగి 125.4 అవుతుంది. అంటే ఏ తప్పూ లేకుండానే ఏడాదిలో దాదాపు నాలుగున్నర వోల్టుల ఊగులాట. మీ లో, హై అలారాలు రెండూ ఈ ఊగులాటకి బయట ఉండాలి. జనవరిలో సెట్ చేసి వెళ్ళిపోయిన ఇంజనీరు మే నెల చూడడు. మేలో ఊరికే మోగుతోందని ఆపరేటరు బజర్ తీగ పీకేస్తాడు. తప్పు ఆపరేటరుది కాదు.

సెన్సర్ ఎక్కడుందో కూడా చూడండి. అది బ్యాటరీ సెల్‌కే అతికి ఉండాలి. చార్జర్ క్యాబినెట్‌లో వేలాడుతుంటే అది కొలుస్తున్నది ఏసీని డీసీగా మార్చే థైరిస్టర్ల వేడిని. కాంపెన్సేషన్ లేని పాత చార్జరైతే వేసవికో ఫ్లోట్, చలికాలానికో ఫ్లోట్ చేత్తో మార్చుకోవాల్సిందే. అంత ఓపిక లేదంటే ఆ గదికి గాలైనా ఆడేట్టు చేయండి. వేడి పది డిగ్రీలు పెరిగితే సీల్డ్ బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది.

నాలుగో పని: అంకెలు తేల్చండి

లో వోల్టేజీ. ఇది వేసవి ఫ్లోట్ 120.8 కంటే కిందే ఉండాలి. అలాగని మరీ కిందికి పోకూడదు, లోడ్ పడిన కొద్ది నిమిషాల్లో బ్యాటరీ దిగే వోల్టేజీకి పైనే ఉండాలి. సీల్డ్ బ్యాంకుకి 116 దగ్గర మొదలుపెట్టవచ్చు, సెల్‌కి 2.11 పడుతుంది. ఆలస్యం 60 సెకన్లు. బ్రేకర్ స్ప్రింగ్ చార్జింగ్ మోటారు తిరిగినప్పుడు వోల్టేజీ ఒక్కసారి కిందికి తొంగి చూసి వెళ్తుంది, దానికి మోగకుండా ఈ ఆలస్యం. రీసెట్, అంటే అలారం ఆగే వోల్టేజీ, 118 పెట్టండి. రెండింటికీ మధ్య ఆ 2 వోల్టులు లేకపోతే అలారం సరిహద్దు మీద కూర్చుని రాత్రంతా వస్తూ పోతూ ఉంటుంది.

116 అన్నది మొదటి అంచనా మాత్రమే. లోడ్ రెండు ఆంపియర్లే ఉన్నచోట 200 ఆంపియర్ అవర్ బ్యాటరీ గంటలు గడిచినా 116కి దిగకపోవచ్చు. అందుకని మీ బ్యాటరీనే అడగండి. వాతావరణం బాగున్న రోజు, కరెంటు నిలకడగా ఉన్న వేళ, షిఫ్టు ఇంజనీరుకి చెప్పి చార్జర్ ఏసీ ఇన్‌పుట్ ఆపేయండి. మామూలు లోడ్ మీద బ్యాటరీ వోల్టేజీని నిమిషానికోసారి రాసుకోండి. నిండా చార్జయి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మొదట్లో ఒక్కసారి కిందికి జారి, మళ్ళీ కొంచెం పైకి లేచి, అక్కడినుంచి నెమ్మదిగా దిగుతుంది. ఆ మొదటి జారుడుని చూసి అంకె తేల్చకండి. పది, పదిహేను నిమిషాల దగ్గర ఎంత ఉందో చూసి, దానికి అర వోల్టో వోల్టో పైన లో అలారం పెట్టండి. 117.5 వచ్చినా కంగారు లేదు, వేసవి ఫ్లోట్‌కి ఇంకా మూడు వోల్టులు కింద ఉంది. అప్పుడు రీసెట్‌ని కూడా ఆ మేరకు పైకి జరపండి.

ప్లాంటే బ్యాంకు అయితే ఇదే పద్ధతిలో 113, 114 ప్రాంతంలో తేలుతుంది.

లో లో వోల్టేజీ. ‘ఇక బ్యాటరీ అయిపోతోంది, ఏదో ఒకటి చేయండి’ అని చెప్పేది ఇది. బ్యాటరీ సైజు కట్టేటప్పుడు సెల్‌కి 1.85 దాకా వాడొచ్చని అనుకుంటే ఆఖరి వోల్టేజీ 101.75. అలారం దానికి కొంచెం ముందు, 103 దగ్గర పెట్టండి. 1.75 దాకా అనుకుని కట్టిన చోట ఆఖరు 96.25 గనక 98 పెట్టొచ్చు. అయితే క్లోజింగ్ కాయిల్‌కి 93.5 కావాలని, మధ్యలో కేబుల్‌లోనూ కొంత పోతుందని గుర్తుంచుకోండి.

ఈ అలారం మోగితే ఏం చేయాలో కాగితం మీద ముందే ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు నీళ్ళలో ఉన్నప్పుడు కరెంటు గంటల్లో తిరిగి వచ్చే పరిస్థితి లేదు. కొన్ని గంటలకని కట్టిన బ్యాటరీ అలాంటి రోజున మిగలాలంటే మొదట డీసీ ఎమర్జెన్సీ లైట్లు, తర్వాత అవసరం లేని ప్యానెళ్ళ ఇండికేషన్లు, ఇలా ఏది ముందు ఆపాలో వరుస రాసి తలుపు లోపలి వైపు అంటించండి. కొన్ని చార్జర్లలో లో లో దగ్గర లోడ్‌ని దానంతటదే తెంపేసే ఏర్పాటు ఉంటుంది. టెలికాం టవర్లకి అది సరే. బ్రేకర్ ప్రొటెక్షన్‌కి ఇచ్చే డీసీని మాత్రం ఎప్పుడూ అలా తెగనివ్వకండి. బ్యాటరీ పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. ట్రిప్ కాని బ్రేకర్ వెనక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది.

హై వోల్టేజీ. చలికాలం ఫ్లోట్ 125.4 కాబట్టి 128 చాలనిపిస్తుంది. కానీ బూస్ట్ సంగతి చూడాలి. సీల్డ్‌కి బూస్ట్ సెల్‌కి 2.3 పెడితే 126.5, దాని మీద చలికాలం 1.65 పడితే 128.15. కాబట్టి 130, ఆలస్యం 30 సెకన్లు. ఫ్లోట్‌కి, బూస్ట్‌కి వేర్వేరు హై అలారాలు పెట్టనిచ్చే చార్జర్ మీ దగ్గరుంటే అదృష్టమే, ఫ్లోట్‌కి 127.5 దాకా దించి బిగించుకోండి.

నీళ్ళు పోసే బ్యాటరీల బూస్ట్ కథ వేరు. మొదటి చార్జింగులో సెల్‌కి 2.7 దాకా పోతారు, 148.5 వోల్టులు. ఆ సమయంలో లోడ్‌ని బూస్ట్ చార్జర్ నుంచి విడదీసి ఫ్లోట్ చార్జర్ మీద ఉంచుతారు, బ్యాటరీ మధ్యలో ఒక సెల్ దగ్గర్నుంచి ట్యాప్, అంటే ఒక తీగ తీసి డయోడ్ ద్వారా లోడ్‌కి ఆసరాగా పెడతారు. అక్కడ బ్యాటరీ వైపు హై అలారం బూస్ట్‌లో ఉన్నంతసేపు నోరు మూసుకునేలా ఇంటర్‌లాక్ ఉందో లేదో చూడండి. లోడ్ వైపు హై అలారం మాత్రం ఎప్పుడూ మేలుకునే ఉండాలి.

హై హై వోల్టేజీ. ఇది చార్జర్‌నే ఆపేస్తుంది. 134 పెట్టండి, 10 సెకన్ల ఆలస్యంతో. థైరిస్టర్ షార్టయినా, కంట్రోలు కార్డుకి సెన్సింగ్ తీగ ఊడినా వోల్టేజీ అదుపు తప్పి ఎగబాకుతుంది. అప్పుడు రిలేలనీ సీల్డ్ సెల్స్‌నీ కాపాడేది ఇదే. రెండు చార్జర్లు ఒకే డీసీ బస్‌బార్ మీద పనిచేస్తున్న చోట ఒక జాగ్రత్త ఉంది. చెడ్డ చార్జర్ వోల్టేజీ పెంచితే మంచిది కూడా అదే వోల్టేజీ చూసి తనూ ఆగిపోతుంది. అందుకే మంచి కంపెనీ చార్జర్లలో ‘వోల్టేజీ ఎక్కువ, పైగా నా అవుట్‌పుట్ కరెంటూ ఉంది’ అన్నప్పుడే ఆగే ఏర్పాటు ఉంటుంది. ఉంటే ఆన్ చేయండి.

ఐదో పని: చేయి పెట్టే ముందు

110 వోల్టుల డీసీ అని తేలిగ్గా తీసుకోకండి. ఏసీ ఆర్క్ సెకనుకి వంద సార్లు సున్నా దాటుతుంది కాబట్టి ఆరిపోతుంది. డీసీ ఆర్క్‌కి ఆ సున్నా లేదు, అంటుకుంటే లాగుతూనే ఉంటుంది. చేతి ఉంగరం, వాచీ తీసేయండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉండాలి. కళ్ళద్దాలు, యాసిడ్ పడితే కడుక్కోవడానికి పక్కన బకెట్ నీళ్ళు, ఇంకో మనిషి ఉండాలి. బూస్ట్‌లో ఉన్న గదిలోకి వెళ్ళే ముందు ఎగ్జాస్ట్ ఫ్యాను తిరగనివ్వండి, హైడ్రోజన్ వాసన రాదు.

సబ్‌స్టేషనైతే ఎల్‌సీ (లైన్ క్లియర్, పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) తీసుకోండి, ఫ్యాక్టరీ అయితే పర్మిట్. పని చేసినంతసేపు అలారాలు వస్తాయని కంట్రోలు రూముకి ముందే చెప్పండి. పాత సెట్టింగులన్నీ ఫోటో తీసుకోండి. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్ళడానికి దారి ఉండాలి.

ఆరో పని: మీటర్లు కలిసేట్టు చూడండి

మంచి డిజిటల్ మల్టీమీటరుతో మొదట బ్యాటరీ టెర్మినళ్ళ దగ్గర, తర్వాత చార్జర్ అవుట్‌పుట్ దగ్గర కొలిచి, రెండింటినీ చార్జర్ డిస్‌ప్లేతో పోల్చండి. డిస్‌ప్లే 1.2 వోల్టు ఎక్కువ చూపిస్తోందంటే మీరు పెట్టే ప్రతి అలారమూ 1.2 వోల్టు ముందో వెనకో మోగుతుంది. ముందు డిస్‌ప్లేని సరిచేయండి. పాత చార్జర్ల ముల్లు మీటర్లు చూసి మాత్రం ఏదీ సెట్ చేయకండి. 0 నుంచి 150 వోల్టుల స్కేలు, 1.5 క్లాసు మీటరు అంటే కొత్తదిగా ఉన్నప్పుడే 2.25 వోల్టుల తేడాకి అనుమతి ఉంది. మన లో అలారానికీ రీసెట్‌కీ మధ్య దూరమే అంత లేదు.

ఏడో పని: సెట్ చేయడం

మైక్రోప్రాసెసర్ చార్జర్లలో ఇది మెనూ పని. పాస్‌వర్డ్ ఇచ్చి అలారం పేజీలోకి వెళ్ళి, ముందు హై హై, తర్వాత హై, ఆపైన లో, లో లో. ఫ్లోట్ కూడా మార్చాల్సి ఉంటే అలారాలను తాత్కాలికంగా దూరం జరిపి, ఫ్లోట్ సరిచేసి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకోండి. అలా చేయకపోతే మధ్యలో చార్జర్ ఆగిపోతుంది. ప్రతి అంకెతో పాటు ఆలస్యం, రీసెట్ తేడా కూడా పెట్టి సేవ్ చేయండి. తర్వాత చార్జర్‌ని ఒకసారి ఆపి మళ్ళీ వేసి అంకెలు నిలిచాయో లేదో చూడండి. కంట్రోలరు బోర్డు మీద మెమరీ పోయిన చార్జర్ ఆన్ అయిన ప్రతిసారీ ఫ్యాక్టరీ అంకెలకే వెళ్ళిపోతుంది.

అనలాగ్ కార్డులైతే ప్రతి అలారానికి ఒక చిన్న ప్రీసెట్ (స్క్రూ తిప్పి సర్దుబాటు చేసేది), పక్కన ఒక ఎల్‌ఈడీ ఉంటాయి. ఇక్కడ ప్రీసెట్ తిప్పి సెట్ చేయాలంటే కార్డుకి ఆ వోల్టేజీ చూపించాలి. శుభ్రమైన దారి ఏమిటంటే సెన్సింగ్ ఫ్యూజు తీసి, సర్దుబాటు చేయగలిగే డీసీ సప్లయి నుంచి కార్డుకి నేరుగా 116 వోల్టులు ఇవ్వడం. అయితే అదే సెన్సింగ్ తీగ మీద కంట్రోలు కార్డు కూడా వేలాడుతుంటే ఫ్యూజు తీయగానే చార్జర్ వోల్టేజీ పైకి దూసుకుపోతుంది. కాబట్టి చార్జర్ ఏసీ ఆపి ఉంచి, లోడ్‌ని బ్యాటరీ మీద వదిలి ఈ పని చేయండి. ఎల్‌ఈడీ వెలిగే అంచు దాకా ప్రీసెట్ నెమ్మదిగా తిప్పండి. ఇవి చాలావరకు పది, పదిహేను చుట్లు తిరిగే రకం, ఎటు తిప్పితే పెరుగుతుందో మొదట పావు చుట్టుతో తెలుసుకోండి. సప్లయి వోల్టేజీ పైకి, కిందికి రెండు మూడు సార్లు జరిపి ఎక్కడ వెలుగుతోందో, ఎక్కడ ఆరుతోందో రాసుకోండి. అయ్యాక ప్రీసెట్ స్క్రూ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేయండి. పాత మెకానిక్కుల అలవాటే ఇది. కాంటాక్టర్ల అదురుకి స్క్రూ కదలదు, ఎవరైనా చేయి పెడితే తెలిసిపోతుంది కూడా.

ఎనిమిదో పని: నిజంగా మోగించి చూడండి

చాలా చార్జర్లలో అలారం టెస్ట్ అని బటన్ ఉంటుంది. అది నొక్కితే రిలే, లైటు, హూటరు పనిచేస్తున్నాయని తెలుస్తుంది, 116 దగ్గర పనిచేస్తుందని తెలియదు. లో అలారానికి అసలు పరీక్ష మళ్ళీ ఏసీ ఆపడమే. ఆపండి, ఎన్ని నిమిషాలకి మోగిందో, అప్పుడు మల్టీమీటరులో ఎంతుందో రాయండి. ఏసీ వేశాక వెంటనే ఆగలేదని కంగారు పడకండి. బ్యాటరీకి చార్జింగు కరెంటు పరిమితి 20 ఆంపియర్లు ఉంటే, వోల్టేజీ 118 దాకా ఎక్కడానికి కొంత సమయం పడుతుంది, అందాకా అలారం ఉండాల్సిందే.

హై అలారం పరీక్షకి బ్యాటరీని విడదీసి, లోడ్‌ని రెండో చార్జర్ మీదకి మార్చి, ఫ్లోట్‌ని నెమ్మదిగా పెంచాలి. రెండో చార్జర్ లేని చోట, ప్లాంటు నడుస్తుండగా ఈ పరీక్ష చేయొద్దు, డీసీ సప్లయి పద్ధతితో సరిపెట్టుకోండి. ఇంకో సంగతి: బ్యాటరీ లేకుండా థైరిస్టర్ చార్జర్ అవుట్‌పుట్‌లో రిపుల్, అంటే డీసీ మీద ఉండే ఎగుడుదిగుడు, పెరుగుతుంది. మల్టీమీటరు సగటు చూపిస్తుంది, కార్డు శిఖరాలని పట్టుకుంటుంది. కాబట్టి అలారం రెండు వోల్టులు ముందే వస్తే ప్రీసెట్ మళ్ళీ తిప్పేయకండి, డీసీ సప్లయితో సరిచూసుకోండి.

ఇక హూటరు. దానికి సప్లయి ఎక్కడ్నుంచి వస్తోందో చూడండి. అదే 110 వోల్టుల డీసీ నుంచే వస్తుంటే, డీసీ మొత్తం పోయినప్పుడు డీసీ పోయిందని చెప్పే నోరు కూడా పోతుంది. అందుకే డీసీ ఫెయిల్‌కి ఏసీ మీద నడిచే గంట వేరే ఉండాలి. అలారం రిలే కూడా మామూలు స్థితిలో పట్టి ఉండి, తప్పు వచ్చినప్పుడు వదిలేసేట్టు ఉండాలి. కంట్రోలు కార్డు ఫ్యూజు తీసి చూడండి, అలారం రావాలి. రాకపోతే మెనూలోనో కార్డు మీదో రిలే పనిచేసే తీరు మార్చి, కాంటాక్టుని కూడా దానికి తగ్గట్టు కలపండి. కోల్డ్ స్టోరేజీల్లో రాత్రిపూట గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. హూటరు ప్యానెల్ గదిలో మోగి, కంప్రెసర్ల చప్పుడులో కలిసిపోతే లాభం లేదు, గేటు దగ్గరికి ఒక లైను లాగండి.

ఎర్త్ ఫాల్ట్ అలారం గురించి రెండు ముక్కలు

ఇది వోల్టేజీ స్థాయి కాకపోయినా అదే కార్డు మీద ఉంటుంది. ఎర్త్ చేయని డీసీలో ప్లస్ నుంచి ఎర్త్‌కి, మైనస్ నుంచి ఎర్త్‌కి ఇంచుమించు సగం సగం కనబడాలి. ఒకటి సున్నా వైపు, ఇంకొకటి పూర్తి వోల్టేజీ వైపు పోతే ఎక్కడో తీగ నేలని తాకింది. ఒక్క ఎర్త్‌తో ఏమీ కాదు కాబట్టి అందరూ వదిలేస్తారు. రెండోది కూడా పడితే ట్రిప్ కాంటాక్టుని దాటేసి కాయిల్‌కి కరెంటు చేరి ఊరికే ట్రిప్ అవ్వొచ్చు, లేదా ఫ్యూజు కొట్టి అవసరమైనప్పుడు ట్రిప్పే కాకపోవచ్చు. వానాకాలంలో యార్డు జంక్షన్ బాక్సులు తడిసినప్పుడు ఇది మోగితే కట్టేయకండి, వెతకండి.

వేరే వోల్టేజీల వాళ్ళకి

48 వోల్టులు అంటే 24 సెల్స్, సీల్డ్ ఫ్లోట్ 54. లో అలారం 50.6 ప్రాంతం, హై 56.7. 30 వోల్టులకి 15 సెల్స్, ఫ్లోట్ 33.75, లో 31.6. జనరేటరు స్టార్టింగ్ బ్యాటరీ 24 వోల్టులు, 12 సెల్స్, కానీ దీని లెక్కే వేరు: సెల్ఫ్ తిప్పినప్పుడు వోల్టేజీ దారుణంగా పడుతుంది కాబట్టి క్రాంకింగు అయ్యేదాకా మోగకుండా ఆలస్యం ఎక్కువ పెట్టుకోవాలి. నికెల్ కాడ్మియం అయితే పై లెడ్ యాసిడ్ అంకెలు ఒక్కటీ పనికిరావు. సెల్ ఫ్లోటే 1.4 దగ్గర, ఆఖరి వోల్టేజీ 1.1 ప్రాంతంలో ఉంటాయి, సెల్స్ కూడా ఎక్కువ.

చివర్లో, రాసి పెట్టడం

చార్జర్ తలుపు లోపల ఒక కాగితం: సెల్స్ ఎన్ని, ఏ రకం, ఫ్లోట్, బూస్ట్, నాలుగు అలారాలు, వాటి ఆలస్యం, రీసెట్, పరీక్షలో నిజంగా మోగిన వోల్టేజీ, తేదీ. లామినేట్ చేయించండి, విజయవాడ ఉక్కకి మామూలు కాగితం రెండేళ్ళలో పొడి అవుతుంది.

ఒక సెల్‌ని తీసి జంపర్ వేసిన రోజున ఈ కాగితం చెల్లదు. 54 సెల్స్‌కి ఫ్లోట్ 121.5. దాన్ని 123.75 మీదే వదిలేస్తే మిగతా సెల్స్ ఒక్కొక్కటి 2.29 మోస్తాయి, వేసవిలో అది ఎక్కువే. ఫ్లోట్ 121.5కి దించి, లో అలారాన్ని 116 మీదే వదిలేస్తే మే నెలలో ఫ్లోట్ 118.6కి వస్తుంది, రీసెట్ 118 దానికి మరీ దగ్గర. లో 114, రీసెట్ 116, లో లో 101, హై 127.5, హై హై 131.5 పెట్టుకుని, ఏసీ ఆపి ఇంకోసారి మోగించి చూసుకోండి.